పైథాన్‌లో అంకెల స్ట్రింగ్‌ని సంఖ్యగా, సంఖ్యని స్ట్రింగ్‌గా మార్చడం: సమగ్ర మార్గదర్శి

పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్‌తో యూజర్ వయసు అడిగారనుకోండి. అతను 25 అని కొట్టి ఎంటర్ నొక్కాడు. మీ వేరియబుల్‌లోకి వచ్చింది ఇరవై ఐదు అనే విలువ కాదు. 2 అనే అక్షరం, దాని పక్కన 5 అనే అక్షరం, అంతే. ఇలాంటి అక్షరాల వరుసనే స్ట్రింగ్ అంటారు. దానికి 1 కలపబోతే పైథాన్ టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అది మన మేలుకే. కానీ 2తో గుణిస్తే ఏ ఎర్రరూ రాదు, "2525" అని జవాబు వస్తుంది. ఇలాంటి వయసుల జాబితాని సార్ట్ చేస్తే "10" ముందు, "9" వెనక వస్తాయి, ఎందుకంటే అక్షరాల వరుసలో 9 కంటే 1 ముందుంటుంది. ఎర్రర్ లేకుండా జరిగే ఈ తప్పులు నేరుగా బిల్లుల్లోకి, రిపోర్టుల్లోకి వెళ్లిపోతాయి. అందుకే మార్పిడి ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, ఎక్కడ అసలు చేయకూడదు అనేది ఒక్కసారి గట్టిగా నేర్చుకోవాల్సిన విషయం.

ఒక చిన్న సూచన. ఇంట్, ఎస్‌టీఆర్, డివ్‌మాడ్ లాంటి కోడ్ మాటలన్నీ ఇక్కడ మనం పలికేటట్టే తెలుగులో రాశాను. ఎడిటర్‌లో వాటి ఇంగ్లీషు స్పెల్లింగే టైప్ చేయాలి. ఉదాహరణలన్నీ పైథాన్ 3కి చెందినవి.

## మొదటి అడుగు: ఇది నిజంగా సంఖ్యేనా?

కోడ్ రాయకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. అంకెల్లో రాసినదల్లా సంఖ్య కాదు. దాన్ని మీరు కూడతారా, తీసివేస్తారా, ఎక్కువ తక్కువలు పోల్చుతారా? అలా అయితే సంఖ్య. గుర్తుపట్టడానికి మాత్రమే వాడితే అది పేరు లాంటిది, స్ట్రింగ్‌గానే ఉంచాలి.

విజయవాడ ఎస్‌టీడీ కోడ్ 0866. దీన్ని స్ట్రింగ్‌ని సంఖ్య చేసే ఇంట్ ఫంక్షన్‌కి ఇస్తే 866 అవుతుంది. ముందున్న సున్నా పోయింది, తిరిగి స్ట్రింగ్ చేసినా రాదు. హైదరాబాద్ 040 అయితే ఏకంగా 40 అయిపోతుంది. +91తో మొదలయ్యే మొబైల్ నంబర్‌ని ఇస్తే ప్లస్ గుర్తు మాయం. పిన్‌కోడ్, ఆధార్, హాల్‌టికెట్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ ఈ కోవలోవే. రెండు పిన్‌కోడ్‌లు కూడితే వచ్చే మొత్తానికి అర్థమేమీ లేదు కదా.

ఈ నష్టం మన కోడ్ కంటే ముందే జరిగిపోవడం కూడా మామూలే. ఎక్సెల్ సంఖ్యలో మొదటి 15 అంకెలనే ఖచ్చితంగా దాచుకుంటుంది. 16 అంకెల కార్డు నంబరుని మామూలు సెల్‌లో కొడితే చివరి అంకె సున్నాగా మారిపోతుంది. ముందుగా ఆ కాలమ్ ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా పెట్టాలి. పట్టికల డేటా చదివే పాండాస్ లైబ్రరీలో సీఎస్‌వీ ఫైలు చదివేటప్పుడు కూడా అంతే: ఇలాంటి కాలమ్‌లకి డీటైప్‌ని (డేటా రకాన్ని) ఎస్‌టీఆర్, అంటే స్ట్రింగ్ అని ముందే చెప్పాలి. లేకపోతే లైబ్రరీ తనంతట తానే వాటిని సంఖ్యలనుకుని ముందు సున్నాలు తీసేస్తుంది.

## రెండో అడుగు: స్ట్రింగ్ నుంచి సంఖ్యకి

పని చేసేది ఇంట్ ఫంక్షన్ ఒక్కటే. అది దేన్ని ఒప్పుకుంటుంది, దేన్ని తిప్పికొడుతుంది అన్నది తెలిసి ఉండాలి. చాలామంది అనుకునేదానికంటే ఇది ఉదారంగా ఉంటుంది.

```
ఇంట్("42")          → 42
ఇంట్("  42  ")      → 42
ఇంట్("+42")         → 42
ఇంట్("0042")        → 42
ఇంట్("1_00_000")    → 100000
ఇంట్("౪౨")          → 42

ఇంట్("")            → వాల్యూఎర్రర్
ఇంట్("42.0")        → వాల్యూఎర్రర్
ఇంట్("1,00,000")    → వాల్యూఎర్రర్
ఇంట్("4 2")         → వాల్యూఎర్రర్
ఇంట్("42 కేజీలు")   → వాల్యూఎర్రర్
```

అంకెల మధ్య అండర్‌స్కోర్‌ని ఒప్పుకోవడం పైథాన్ 3.6 నుంచి మొదలైంది. కోడ్‌లో పెద్ద సంఖ్యలు చదవడానికి వీలుగా తెచ్చిన ఏర్పాటు అది, ఇంట్‌కీ వర్తించింది. ఫారంలో యూజర్ "1_2" అని కొడితే 12గా వెళ్లిపోతుందని గుర్తుంచుకోండి.

"42.0"ని తిప్పికొట్టే ఇంట్, 42.9 అనే ఫ్లోట్‌ని (దశాంశ సంఖ్యని) ఇస్తే మాత్రం మారు మాట్లాడకుండా 42 అంటుంది. రౌండ్ చేయదు, దశాంశ భాగాన్ని కోసేస్తుంది. -42.9 ఇచ్చినా -42 వస్తుంది. "42.9" అనే స్ట్రింగ్‌ని ముందు ఫ్లోట్ చేసి తర్వాత ఇంట్ చేస్తే ఎర్రర్ పోతుందని నెట్‌లో సలహాలు కనిపిస్తాయి. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు డబ్బులో పైసలూ పోతాయి. పైసలు కావాలంటే దశాంశాలని ఖచ్చితంగా దాచే డెసిమల్ అనే రకాన్ని వాడండి.

## లోపల జరిగేది: మన చేత్తో మనమే రాద్దాం

ఇంటర్వ్యూల్లో ఇంట్ వాడకుండా మార్చమని అడుగుతారు. ఇంటర్వ్యూ సంగతి పక్కన పెట్టినా, ఒకసారి చేత్తో రాసినవాళ్లకి తర్వాత వచ్చే చిక్కులన్నీ ఎందుకొస్తున్నాయో తెలుస్తుంది.

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. 0 అనే అక్షరం కోడ్ 48, 9 అనే అక్షరం కోడ్ 57, మధ్యవి వరుసగా ఉంటాయి. కాబట్టి అక్షరం కోడ్‌లోంచి 48 తీసేస్తే అంకె విలువ దొరుకుతుంది. కోడ్ తెలుసుకోవడానికి ఆర్డ్ ఫంక్షన్ ఉంది.

ఇక స్థాన విలువ. "4072"ని ఎడమ నుంచి కుడికి చదువుతూ, ఇప్పటిదాకా ఉన్న విలువని 10తో గుణించి కొత్త అంకెని కలుపుకుంటూ పోతే చాలు:

```
మొదట విలువ = 0
4 చదివాం:   0 × 10 + 4   = 4
0 చదివాం:   4 × 10 + 0   = 40
7 చదివాం:   40 × 10 + 7  = 407
2 చదివాం:   407 × 10 + 2 = 4072
```

ఒకట్లు, పదులు, వందలు అంటూ కుడి నుంచి మొదలుపెట్టి 10 ఘాతాలు లెక్కగట్టాల్సిన పనే లేదు. స్ట్రింగ్ ఎంత పొడవో కూడా ముందు తెలియక్కర్లేదు. దీన్ని హోర్నర్ పద్ధతి అంటారు.

గుర్తు సంగతి: మొదటి అక్షరం మైనస్ అయితే ఆ విషయం గుర్తుపెట్టుకుని, మిగతాది మార్చి, చివర్లో మైనస్ పెడతాం. పైథాన్‌లో ఇది హాయిగా నడుస్తుంది, ఎందుకంటే పైథాన్ పూర్ణాంకానికి గరిష్ఠ పరిమితి లేదు. సీ, జావాలలో 32 బిట్ల పూర్ణాంకం అయితే ధన వైపు 2147483647 దాకా, రుణ వైపు -2147483648 దాకా వెళ్తుంది. రుణ వైపు ఒకటి ఎక్కువ. "-2147483648"ని ముందు ధనసంఖ్యగా కట్టి తర్వాత మైనస్ పెడదామంటే ఆ ధనసంఖ్యకి చోటే లేదు. జావా లైబ్రరీలోని పార్స్‌ఇంట్ దీనికి చక్కని దారి ఎంచుకుంది: మొదటి నుంచీ విలువని రుణంగానే కడుతుంది, అంకెని కలపడానికి బదులు తీసివేస్తుంది, ధనం కావాలంటే చివర్లో గుర్తు తిప్పుతుంది.

చేత్తో రాసేటప్పుడు మరచిపోయేవి రెండున్నాయి. ఖాళీ స్ట్రింగ్ వస్తే లూప్ ఒక్కసారి కూడా తిరగక 0 అని జవాబు వెళ్తుంది. ఉత్త "-" వచ్చినా అంతే. కనీసం ఒక్క అంకెనైనా చదివామా అని చివర్లో తప్పక చూడాలి.

## మూడో అడుగు: సంఖ్య నుంచి స్ట్రింగ్‌కి

రోజువారీ పనికి ఎస్‌టీఆర్(4072) చాలు, "4072" వస్తుంది. వాక్యంలో ఇమడ్చాలంటే ఎఫ్-స్ట్రింగ్ వాడండి, ప్లస్‌లతో అతికించడం కంటే చదవడానికి బాగుంటుంది. సీహెచ్ఆర్ అనే ఇంకో ఫంక్షన్ ఉంది, దాన్ని దీనితో కలగలపకండి. సీహెచ్ఆర్(53) అంటే 53వ కోడ్ ఉన్న అక్షరం, అంటే "5". గో భాషలో ఈ తికమక ఇంకా ఎక్కువ: అక్కడ స్ట్రింగ్(53) అని రాస్తే "53" రాదు, "5" వస్తుంది. అక్కడ వాడాల్సింది స్ట్ర్‌కాన్వ్ ప్యాకేజీలోని ఐటుఏ.

చేత్తో రాయాలంటే ఇందాకటి దారినే వెనక్కి నడవాలి. 10తో భాగిస్తే శేషం చివరి అంకె అవుతుంది, భాగఫలం మిగిలిన సంఖ్య. డివ్‌మాడ్ ఈ రెండింటినీ ఒకేసారి ఇస్తుంది.

```
4072 ÷ 10   భాగఫలం 407   శేషం 2
407 ÷ 10    భాగఫలం 40    శేషం 7
40 ÷ 10     భాగఫలం 4     శేషం 0
4 ÷ 10      భాగఫలం 0     శేషం 4
```

అంకెలు 2, 7, 0, 4 అని వెనకనుంచి వచ్చాయి. వీటిని ఒక జాబితాలో వేసుకుని, చివర్లో తిరగేసి, జాయిన్‌తో కలపండి.

రెండు చోట్ల జాగ్రత్త. భాగఫలం 0 అయ్యేదాకా లూప్ అని రాస్తాం కదా, సంఖ్యే 0 అయితే లూప్‌లోకి వెళ్లకుండానే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. సున్నాని విడిగా చూసుకోవాలి.

రెండోది రుణసంఖ్యలు, పైథాన్‌లో ఇది మరీ ప్రమాదం. పైథాన్‌లో -7ని 10తో భాగిస్తే భాగఫలం -1, శేషం 3. శేషం 7 కాదు. పైథాన్ భాగఫలాన్ని ఎప్పుడూ కిందకి దింపుతుంది కాబట్టి ఇలా వస్తుంది. తర్వాత -1ని 10తో భాగిస్తే మళ్లీ భాగఫలం -1, శేషం 9. ఆ తర్వాతా అదే. భాగఫలం ఎప్పటికీ 0 కాదు, లూప్ ఆగదు, జాబితాలో 9లు పేరుకుంటూ మెమరీ నిండిపోతుంది. అదే సీలో అయితే భాగఫలం 0, శేషం -7. సీ కోడ్‌ని చూసి పైథాన్‌లోకి దించుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. మందు తేలిక: గుర్తుని ముందే పక్కన పెట్టి, ఏబీఎస్‌తో గుర్తు లేని విలువ తీసుకుని, చివర్లో మైనస్ అతికించండి.

## నాలుగో అడుగు: చూపించే తీరు

ముందు సున్నాలు కావాలంటే జెడ్‌ఫిల్ ఉంది. ఎస్‌టీఆర్(7).జెడ్‌ఫిల్(3) అంటే "007". ఇన్‌వాయిస్ నంబర్లకి, ఫైల్ పేర్లకి ఇది బాగా పనికొస్తుంది.

మన వాళ్లకి అసలు కావాల్సింది లక్షలు, కోట్ల కామాలు. పైథాన్ ఫార్మాట్‌లో కామా అడిగితే 123456789ని 123,456,789 అని చూపిస్తుంది, అంటే మిలియన్ల లెక్క. మనకి కావాల్సింది 12,34,56,789. సర్వర్‌లో భారత లొకేల్ (ఒక ప్రాంతం సంఖ్యలు, తేదీలు రాసే తీరు చెప్పే అమరిక) ఉంటే దానితో సాధించవచ్చు, కానీ ప్రతి సర్వర్‌లోనూ అది ఉంటుందన్న నమ్మకం లేదు. లొకేల్ మార్చితే ప్రోగ్రాం మొత్తానికీ మారుతుంది కూడా. నా మటుకు ఈ చిన్న పద్ధతే నయం:

```
1. గుర్తుని పక్కన పెట్టి, ఏబీఎస్ తీసుకుని స్ట్రింగ్ చేయండి    "123456789"
2. చివరి మూడు అంకెల్ని విడదీయండి                        "789", మిగిలింది "123456"
3. మిగిలినదాని చివరి నుంచి రెండేసి తీయండి                  "56", "34", "12"
4. ముక్కల్ని సరైన వరుసలో పెట్టి కామాతో జాయిన్ చేయండి      "12,34,56,789"
5. మైనస్ ఉంటే ముందు అతికించండి
```

మొదటి మెట్టు దాటేసి మైనస్‌ని స్ట్రింగ్‌లోనే ఉంచితే ఏమవుతుందో చూడండి. -100000 సరిగ్గానే "-1,00,000" అని వస్తుంది, టెస్ట్ పాసైందని సంతోషిస్తాం. -12345 ఇస్తే "-,12,345" వస్తుంది. రెండేసి అంకెలు తీసుకుంటూ పోగా చివర్లో మైనస్ ఒంటరిగా మిగిలింది. ఒక్క ఉదాహరణతో పరీక్షించి వదిలేయకూడదనడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు.

వెనక్కి రావడం, అంటే "1,00,000"ని సంఖ్య చేయడం, కామాలన్నీ రీప్లేస్‌తో తీసేసి ఇంట్‌కి ఇస్తే అయిపోతుందనిపిస్తుంది. అయితే యూజర్ పన్నెండున్నర అనుకుని "12,50" కొడితే అది 1250 అవుతుంది. నేను చెప్పే దారి ఇది: కామాలు తీసి సంఖ్య చేయండి, ఆ సంఖ్యని పై పద్ధతిలో మళ్లీ కామాలతో రాయండి, యూజర్ కొట్టినదానితో పోల్చండి. రెండూ ఒకటైతే లేదా యూజర్ అసలు కామాలే పెట్టకపోతే తీసుకోండి. లేకపోతే మళ్లీ అడగండి.

## ఐదో అడుగు: తెలుగు అంకెలు

పైన జాబితాలో "౪౨" నుంచి 42 వచ్చింది. అందులో పొరపాటేమీ లేదు. యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకీ కోడ్ నంబర్లిచ్చే ప్రమాణంలో) దశాంశ అంకెగా నమోదైన ఏ లిపి అంకెనైనా పైథాన్ ఇంట్ చదవగలదు. తెలుగు సున్నా ౦ కోడ్ 3174, ౯ కోడ్ 3183. "౧2౩" అని కలిపి రాసినా 123 అంటుంది. మనం చేత్తో రాసిన ఫంక్షన్ మాత్రం ౭ కోడ్ 3181లోంచి 48 తీసేసి 3133 అని జవాబు ఇస్తుంది. దాన్ని తెలుగు అంకెలకి పనికొచ్చేలా చేయాలంటే 48 తీసేయడానికి బదులు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని డెసిమల్ ఫంక్షన్‌ని వాడాలి.

తెలుగు అంకెల్లో చూపించడం ఇంకా తేలిక. "0123456789" నుంచి "౦౧౨౩౪౫౬౭౮౯"కి మేక్‌ట్రాన్స్‌తో ఒక పట్టిక చేసుకుని, మామూలు స్ట్రింగ్ మీద ట్రాన్స్‌లేట్ నడపండి. లక్షల కామాలు పెట్టాక నడిపినా కామాలకి ఏమీ కాదు: "12,34,567" కాస్తా "౧౨,౩౪,౫౬౭" అవుతుంది. పంచాంగం యాప్‌కో, తెలుగు క్యాలెండర్‌కో ఇంత చిన్న కోడ్ చాలు.

చిక్కు ఎక్కడంటే, అన్ని భాషలూ ఇలా ఒప్పుకోవు. జావా ఒప్పుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్‌కి "౪౨" ఇస్తే నాన్ (సంఖ్య కాదు అని చెప్పే విలువ) వస్తుంది. గో ఎర్రర్ ఇస్తుంది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్, సర్వర్‌లో పైథాన్ ఉంటే ఒకే ఇన్‌పుట్ మీద రెండూ రెండు మాటలు చెబుతాయి.

తనిఖీ ఫంక్షన్లలోనూ తేడాలున్నాయి. ఈజ్‌డిజిట్ అనేది ² లాంటి పైగుర్తుకి కూడా అవునంటుంది, కానీ ఇంట్‌కి ఇస్తే వాల్యూఎర్రర్. ఈజ్‌న్యూమరిక్ ఇంకా వదులు: పాత తెలుగు లెక్కల్లో వాడిన భిన్నపు గుర్తులకి యూనికోడ్‌లో 3192 నుంచి 3198 దాకా కోడ్‌లున్నాయి, వాటికీ అవునంటుంది. ఇంట్ చదవగలిగేవాటికి సరిపోయేది ఈజ్‌డెసిమల్ ఒక్కటే. రెజెక్స్‌లో (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే రాతలో) బ్యాక్‌స్లాష్ డి రాస్తే 0 నుంచి 9 దాకానే అనుకుంటాం, పైథాన్‌లో అది తెలుగు, హిందీ, అరబిక్ అంకెలన్నిటికీ సరిపోతుంది. 0-9 మాత్రమే కావాలంటే చదరపు బ్రాకెట్లలో 0-9 అని రాయండి.

తెలుగు అంకెల్ని ఒప్పుకోవడం నాకిష్టమే, ఒప్పుకుంటే బాధ్యతగా ఒప్పుకోవాలి. "౧౨", "12" విలువలో ఒకటే, స్ట్రింగులుగా వేరు. వచ్చిన స్ట్రింగ్‌నే డేటాబేస్‌లో కీగా దాస్తే ఒకే మనిషి రెండుసార్లు నమోదవుతాడు. సంఖ్యనైతే మార్చిన విలువనే దాచండి. మొబైల్ నంబరు లాంటి గుర్తింపు అయితే 0-9 అంకెల్లోకి మార్చిన స్ట్రింగ్‌ని దాచండి.

## వేరే ఆధారాలు: 2, 8, 16

ఇంట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఆధారం (స్థాన విలువ ఎన్నింతలుగా పెరుగుతుందో చెప్పే సంఖ్య, మామూలుగా 10) ఇవ్వచ్చు, 2 నుంచి 36 దాకా. ఇంట్("1010", 2) అంటే 10. లినక్స్ ఫైల్ పర్మిషన్ "755" నిజానికి ఆధారం 8లో రాసినది, ఇంట్("755", 8) ఇస్తే 493 వస్తుంది. తిరుగు దారికి బిన్, ఆక్ట్, హెక్స్ ఉన్నాయి, వాటి జవాబుకి ముందు ఒక ప్రిఫిక్స్ ఉంటుంది. అది వద్దంటే ఫార్మాట్ వాడండి. మనం చేత్తో రాసిన రెండు ఫంక్షన్లలో 10 ఉన్నచోట ఆధారం పెడితే అవీ పనిచేస్తాయి. 10 దాటిన ఆధారాలకి మాత్రం అక్షరాల పట్టిక ఒకటి కావాలి.

## ఆరో అడుగు: యూజర్ ఇచ్చినదాన్ని నమ్మకుండా తీసుకోవడం

మార్పిడి ప్రోగ్రాం గుమ్మం దగ్గరే, ఒక్కసారే జరగాలి. లోపలి ఫంక్షన్లన్నిటికీ సంఖ్యే వెళ్లాలి. మధ్యలో ఎక్కడో ఒక ఇంట్, ఇంకెక్కడో ఒక ఎస్‌టీఆర్ చల్లితే ఏ వేరియబుల్‌లో ఏముందో రాసినవాళ్లకే తెలియదు.

వయసు తీసుకునే ఫంక్షన్ అయితే ఇలా రాస్తాను. ముందు స్ట్రిప్‌తో అటూ ఇటూ ఖాళీలు తీసేయాలి. ఈజ్‌డెసిమల్ కాకపోతే అక్కడే ఆపాలి, దీంతో ఖాళీ స్ట్రింగ్, అండర్‌స్కోర్, మైనస్ అన్నీ బయటే ఉండిపోతాయి. పొడవు 3 అంకెలు దాటితే ఆపాలి. అప్పుడు ఇంట్. ఆ తర్వాత 0 నుంచి 120 మధ్య ఉందా అని చూడాలి. ఎర్రర్ మెసేజ్‌లో "తప్పు ఇన్‌పుట్" అని వదిలేయకుండా "వయసుని అంకెల్లో రాయండి, ఉదాహరణకి 34" అని చెప్పాలి.

ట్రై-ఎక్సెప్ట్ వాడితే వాల్యూఎర్రర్‌ని మాత్రమే పట్టుకోండి. ఏ ఎర్రర్ వచ్చినా 0 వేసేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. మార్కులు 0 రావడం, మార్కులు చదవలేకపోవడం రెండూ ఒకటి కాదు. సీ భాషలో ఏటుఐ చేసే పని ఇదే: "అరటిపండు" ఇచ్చినా 0, "0" ఇచ్చినా 0. అందుకే సీలో స్టర్‌టోల్ వాడాలి, చదవడం ఎక్కడ ఆగిందో, పరిధి దాటిందో లేదో అది చెబుతుంది. జావాస్క్రిప్ట్ పార్స్‌ఇంట్ "42 కేజీలు"కి 42 అంటుంది, నంబర్ ఫంక్షన్ ఖాళీ స్ట్రింగ్‌కి 0 అంటుంది. రెండింట్లో ఏది వాడినా ముందు మీ తనిఖీ ఉండాలి. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్య 9007199254740991 దాటితే ఖచ్చితత్వం పోతుంది కాబట్టి సర్వర్ నుంచి వచ్చే పెద్ద ఐడీలని స్ట్రింగ్‌గానే పంపాలి.

## మరీ పెద్ద సంఖ్యలు

పైథాన్‌లో 2 పవర్ 20000 లెక్కగట్టండి, క్షణంలో వస్తుంది. ప్రింట్ చేయబోతే కొత్త వెర్షన్లలో వాల్యూఎర్రర్. ఆ సంఖ్యలో 6021 అంకెలున్నాయి, స్ట్రింగ్ మార్పిడికి మామూలు పరిమితి 4300. పైథాన్ 3.11లో ఈ పరిమితి వచ్చింది, 2022 సెప్టెంబరులో పాత వెర్షన్లకీ భద్రతా సవరణగా ఇచ్చారు. కారణం మనం పైన రాసిన లూప్‌లోనే ఉంది. అంకెలు రెట్టింపైతే లూప్ రెట్టింపు సార్లు తిరుగుతుంది, ఒక్కో సారి చేసే గుణకారమూ బరువెక్కుతుంది, కలిపి పని నాలుగింతలవుతుంది. ఎవరైనా వెబ్ ఫారంలో లక్షల అంకెలు అతికించి పంపితే సర్వర్ ఆ ఒక్క మార్పిడిలోనే కూరుకుపోతుంది. హెక్స్, బిన్‌లకి ఈ పరిమితి లేదు, ఎందుకంటే 2 ఘాతాల ఆధారాల్లో బిట్లని గుంపులుగా విడదీస్తే సరిపోతుంది, భాగహారం అక్కర్లేదు.

గణితం పనికి నిజంగా కావాలంటే సిస్ మాడ్యూల్‌లోని సెట్-ఇంట్-మ్యాక్స్-ఎస్‌టీఆర్-డిజిట్స్‌తో పరిమితి పెంచుకోవచ్చు. వెబ్ సర్వర్‌లో దాన్ని ముట్టుకోకండి.

## పరీక్షించేటప్పుడు

మీ ఫంక్షన్లకి కనీసం ఇవి ఇచ్చి చూడండి: 0, 7, -7, 10, 100, 999, 1000, 99999, 100000, -345, -12345, 2147483647, -2147483648. స్ట్రింగ్ వైపు నుంచి: ఖాళీ, ఉత్త మైనస్, "--5", "+5", "0866", "౦", "౧2౩", "²", "1_2", "12,50", చివర్లో కొత్త లైన్ గుర్తు ఉన్న "42". వీటిలో ఏది ఒప్పుకోవాలో ఏది వద్దో ముందే కాగితం మీద రాసుకుని, తర్వాత నడపండి. చివరగా -100000 నుంచి 100000 దాకా ప్రతి సంఖ్యనీ మీ ఫంక్షన్‌తో స్ట్రింగ్ చేసి, మళ్లీ సంఖ్య చేసి, మొదటిదానితో పోల్చే లూప్ ఒకటి రాయండి. ల్యాప్‌టాప్ మీద కూడా ఇట్టే అయిపోతుంది.